నాన్న తెలుగులో చెప్పని మాట

నా చిన్నప్పుడు అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా తెలుగు సంఘానికి సొంత చర్చి లేదు. తెల్లవాళ్ల చర్చిలో మధ్యాహ్నం పూట హాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకునేవాళ్లం. అక్కడ తాళాలు చూసుకునే ముసలాయన ఒక కమ్యూనిస్టు దేశంలో విశ్వాసం కోసం జైలుకెళ్లి వచ్చినవాడు. ఒక ఆదివారం మా పెద్దలు, దేవుడు తనకు చేసిన మేలు గురించి ఆయన్ని సాక్ష్యం చెప్పమన్నారు. మా దగ్గర సాక్ష్యమంటే చివర్లో గెలుపు ఉండి తీరాలి.

ఆయన ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చెబుతుంటే, పక్కన నిలబడి మా నాన్న తెలుగులో చెబుతున్నాడు. పోలీసులు చర్చి తలుపులు గొడ్డళ్లతో బద్దలుకొట్టారట. ప్రార్థనలో ఉన్నవాళ్లను జుట్టు పట్టుకుని మంచులోకి ఈడ్చారట. రహస్యంగా ఆరాధనలు జరిపిస్తున్న పాస్టరు పేరు చెప్పమని ఈయన అరికాళ్లు కర్రలతో చితక్కొట్టి, వేళ్లు తలుపు సందులో పెట్టి నొక్కారట. ఆయన వంకర వేళ్ల మీంచి నేను చూపు తిప్పుకోలేకపోయాను.

"మూడో రోజు పేరు చెప్పేశాను. ఆ పాస్టర్ని కొట్టి చంపేశారు," అన్నాడాయన.

నాన్న గొంతు సవరించుకుని, "దేవుని కృపవల్ల మూడో రోజు విడుదల పొందారు," అన్నాడు. నాన్న అబద్ధాలకోరు కాదు, ముసలాయన పరువు కాపాడుతున్నాననుకున్నాడు. హాలంతా హల్లెలూయ అంటూ చప్పట్లు కొట్టింది. తెలుగు రాని ఆ ముసలాయన తెల్లబోయి మా అందరి వంకా చూశాడు.

ఇంగ్లీషు రాని మా అమ్మమ్మ ఆయన ముఖం చూసి చప్పట్లు కొట్టలేదు. అసలేమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పమని నన్ను గిల్లింది. నాన్నంటే భయమే, అయినా చెప్పేశాను. అమ్మమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి, ముందుకు నడిచి, ఆ వంకర వేళ్లను తన చేతుల్లోకి తీసుకుంది. చప్పట్లు ఆగిపోయాయి.

"అల్లుడుగారూ, ఆయన చెప్పిందంతా చెప్పండి," అంది. "నేనైతే మొదటి రోజే చెప్పేసేదాన్ని."

నాన్న తలదించుకుని అసలు మాట అందరికీ చెప్పాడు, అమ్మమ్మ అన్నది ఆయనకు ఇంగ్లీషులో చెప్పాడు. ముసలాయన అమ్మమ్మ చేతుల మీదికి వంగి వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు ఎన్నేళ్లనుంచి దాచుకున్నాడో.

ఇప్పుడు నేను సండే స్కూల్ ఆంటీని. ఈ సంగతి చెబితే, మేమైతే చచ్చినా పేరు చెప్పం అంటారు పిల్లలు. నా గురించి నేను ఆ మాట ఈ రోజుకీ అనలేను. హింసలు పడుతున్న సంఘాల కోసం ప్రార్థించేటప్పుడు, దెబ్బలు తాళలేక పేరు చెప్పేసినవాళ్ల కోసమూ ప్రార్థిస్తాను.