గుండెకు తాకించిన పిడికిలి

షామ్ షుయ్ పో పేటలో ఎముకలు కట్టే మక్ గురువుగారి ఇంట్లో కూర్చోడానికి రెండు చోట్లు ఉండేవి. వీధి గదిలో పొడుగాటి చెక్క బల్ల. కీలు తప్పినవాళ్లూ, ఎముక విరిగినవాళ్లూ అక్కడ కూర్చుని తమ వంతు కోసం చూసేవాళ్లు. లోపలి గదిలో క్వాన్ కోంగ్ దేవుడి ఎర్రమొహం పటం, దాని ముందు వరుసగా గుండ్రటి పీటలు. అవి ఆయన దగ్గర యుద్ధవిద్య నేర్చుకునే శిష్యులవి. శిష్యుడికి దెబ్బ తగిలితే బల్ల మీద కూర్చోడు. తిన్నగా లోపలికే వెళ్తాడు.

తాంగ్ వాయ్-లోక్ మొదట వచ్చింది బల్ల మీదికే. అప్పటికి పసివాడు. తండ్రి రేవులో మూటలు దించేవాడు. తల్లి ఇంట్లో కూర్చుని ప్లాస్టిక్ పూలకు కాడలు అతికించేది. పూల మూట మోస్తూ మెట్ల మీద పడి లోక్ చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. గురువుగారు ఎముక సరిచేస్తుంటే ఏడవలేదు.

"అయ్యగారూ, ఇది అతుక్కున్నాక గుద్దొచ్చా?" అని అడిగాడు.

"ఎవర్ని గుద్దుతావురా?"

"మా అమ్మని కసిరే పూల మేస్త్రీని."

"అయితే నీకు విద్య నేర్పను. ఆ సంగతి మర్చిపోయాక రా."

కట్టు విప్పే రోజున లోక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మర్చిపోయానండీ."

"ఏం మర్చిపోయావు?"

"మేస్త్రీని గుద్దాలని."

గురువుగారు కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వి, భార్యను పిలిచి లోపల ఇంకో పీట వెయ్యమన్నారు.

ఆ మేడ పైకప్పు మీద, ఆరేసిన బట్టల మధ్య లోక్ పెరిగాడు. సాధన అయ్యాక గురుపత్ని అందరికీ పంది ఎముకల పులుసు పోసేది. లోక్ గిన్నెలో మాత్రం ఒక ముక్క ఎక్కువ పడేది. "అయ్యో, జారిపోయిందిరా!" అనేది. ఎన్నేళ్లు పోసినా ఆమె గరిటె అతని గిన్నె దగ్గరే జారేది. శిష్యులందరూ ఆమెను అమ్మా అనే పిలిచేవాళ్లు.

మక్ వారి వందనం వేరు. కుడి పిడికిలిని ఎడమ అరచేతికి ఆనించి, ఒకసారి గుండెకు తాకించి, అప్పుడు ముందుకు చాచాలి. గుండెకు తాకించేది వాళ్లొక్కరే. అది చూస్తే ఆ పేటలో చేపలమ్మే ఆవిడ కూడా "మక్ గారి పిల్లవాడు" అని చెప్పేసేది.

తండ్రి మంచం పట్టినప్పుడు లోక్ సినిమా పనికి వెళ్లాడు. కొండవాలులో స్టూడియోలు లేస్తున్న రోజులవి. కొట్టడం, పడటం నిజంగా వచ్చినవాళ్ల కోసం వెతుకుతున్నారు. గురువుగారి దగ్గర సెలవు తీసుకుంటే ఆయన ఒక్కటే చెప్పారు. "పొట్ట కోసం ఏ పనైనా చేసుకో నాయనా. మన బడి పేరు మాత్రం అక్కడికి పట్టుకెళ్లకు."

లోక్ పని చావడం. బాల్కనీల నుంచి పడి చచ్చేవాడు, కత్తి దిగి చచ్చేవాడు. చచ్చే వేషం వేసినవాడికి కీడు పోవడానికి స్టూడియోవాళ్లు ఎర్ర కవరు చేతిలో పెడతారు. అందులో సొమ్ము ఆ రోజే ఖర్చైపోవాలి, ఇంటికి రాకూడదు. లోక్ దానితో బన్నులు కొని వీధిలో పిల్లలకు పంచేవాడు. "చచ్చినాయన వచ్చాడ్రోయ్!" అని వాళ్లు ఎగబడేవాళ్లు. గడప దగ్గర తల్లి అతని జేబులు రెండుసార్లు తడిమి గానీ లోపలికి రానిచ్చేది కాదు.

కొన్నాళ్లకు చిమ్ అనే డైరెక్టరు అతనికి పెద్ద వేషం ఇచ్చాడు. ముసలి సన్యాసిని చంపే దుర్మార్గుడు. చివర్లో హీరో అతన్ని చితక్కొట్టి పందుల తొట్టిలో పడేస్తాడు. కెమెరా తిరిగింది. ఎదుట మనిషి నిలబడగానే, తన్నబోయే ముందు, లోక్ చేతులు వాటంతట అవే లేచాయి. పిడికిలి గుండెను తాకింది. చిన్నప్పటి నుంచీ వందనం చెయ్యకుండా ఎవరి మీదా చెయ్యెత్తి ఎరుగడు మరి.

"భలే ఉందయ్యా అది! ఉంచేద్దాం," అన్నాడు చిమ్.

లోక్ కెమెరాకు అడ్డం వచ్చాడు. "ఆ ముక్క తీసేయండి సార్. మీకు పుణ్యం ఉంటుంది."

"మళ్లీ తియ్యడానికి ఫిలిం ఏమన్నా మీ అత్తగారి సొమ్మా? పద, పందులు ఎదురు చూస్తున్నాయి."

వెంటనే వెళ్లి గురువుగారికి చెప్పి ఉంటే ఎలా ఉండేదో. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటుండగానే బొమ్మ విడుదలైపోయింది. పక్క బడి కుర్రాళ్లు గురువుగారి గుమ్మం ముందు నిలబడి పిడికిలి గుండెకు తాకించి, పందుల్లా గుర్రుమని పరిగెత్తసాగారు.

పెద్ద శిష్యుడు కామ్‌చియూ లోక్‌ను తీసుకొచ్చాడు. లోక్ మోకాళ్ల మీద కూర్చుని తల వంచాడు. గురువుగారు తిట్టలేదు. వరుసలోంచి లోక్ పీట తీసి, వీధి గదిలో బల్ల పక్కన పెట్టారు.

"బయటివాళ్లకి కూర్చోడానికి చాలట్లేదు," అన్నారు.

గోడ వైపు తిరిగి నిలబడ్డ అమ్మ చొక్కా అంచుతో ముక్కు తుడుచుకుంది.

బొమ్మ బాగా ఆడింది. చిమ్ ఈసారి హీరో వేషమే తెచ్చాడు. "పోస్టరు మీద నీ బొమ్మే. ఆ గుండె దండం పెడుతూ. అది లేకపోతే నువ్వు నాకెందుకు?"

"దండం లేకుండా చేస్తాను సార్."

"పిచ్చా నీకు?"

ఆ వేషం వేరేవాడికి పోయింది. లోక్ మళ్లీ బాల్కనీల నుంచి పడసాగాడు. ఒకరోజు దారిలో కామ్‌చియూ ఎదురయ్యాడు. "ఏరా, పెద్ద స్టారువి అవుతావనుకుంటే ఇంకా చస్తూనే ఉన్నావా?"

"నాకు బాగా వచ్చిన పని అదొక్కటే పెద్దన్నా."

కామ్‌చియూ నవ్వబోయి ఆగిపోయాడు. అమ్మ మాత్రం బజారుకు వచ్చినప్పుడల్లా లోక్ తల్లి దగ్గర దెబ్బల తైలం సీసా పెట్టి వెళ్లిపోయేది. బడిలో శిష్యులు గురువుగారికి టీ అందించే పూజ వచ్చినప్పుడల్లా, లోక్ ఇంట్లోనే అగరొత్తి వెలిగించి, గురువుగారి ఇల్లున్న దిక్కుకు మొక్కేవాడు. ఆ లోపలి గదిలో మళ్లీ ఒక్కసారి టీ అందించాలి. అంతకుమించి అతనికి కోరిక లేదు.

ఒక పగలు షూటింగులో, దెబ్బ తగలకుండా కింద పరిచిన అట్టపెట్టెలు పక్కకు జరిగి ఉండగా లోక్ పై నుంచి పడ్డాడు. కుడి భుజం మీదే పడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్తామన్నా ఒప్పుకోలేదు. షామ్ షుయ్ పో వచ్చి, వీధి గదిలో తన పాత పీట కనబడినా దాని మీద కూర్చోకుండా, బల్ల మీద చేపలమ్మే ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"నువ్వు బొమ్మల్లో చచ్చేవాడివి కదూ?" అందావిడ. "చచ్చినప్పుడే నయం, మొహంలో రంగుండేది. నా వంతు నువ్వు తీసుకో నాయనా. నాది వేలే."

గురువుగారు వచ్చారు. చాలాసేపు తడిమి చూసి, పట్టి లాగి, కీలు కూర్చారు. కట్టు కడుతూ మొహం చూడకుండానే అడిగారు. "ఆ దండం పెడితే పెద్ద వేషం ఇస్తామన్నారటగా? ఎందుకు వద్దన్నావు?"

"అది నాది కాదు గదండీ."

గురువుగారి వేళ్లు ఆగాయి. మళ్లీ గుడ్డ చుట్టసాగాయి. "కండ తెగింది. ఈ చెయ్యి ఇక గుండె దాకా లేవదు."

"పరమగురువు పుట్టినరోజు పూజ వస్తోంది. రావచ్చాండీ?"

"కట్టు తడపకు," అని ఆయన చేపలావిడ వేలు అందుకున్నారు.

రమ్మన్నారో వద్దన్నారో తెలియక, పూజ రోజున లోక్ గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపల వరుస చివర తన పీట కనిపించింది. అమ్మ మూత పెట్టిన టీ గిన్నె తెచ్చి అతని ఎడమచేతికిచ్చింది.

"గురువుగారికి ఒంటిచేత్తో ఇస్తావేంట్రా?" గొణిగాడు కామ్‌చియూ.

లోక్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. గిన్నె ఒక పక్కకు ఒరిగి మూత గలగలమంది. గురువుగారు వంగి, గిన్నె కింద తన అరచెయ్యి పట్టారు. రెండో చెయ్యి ఉండాల్సిన చోట. అలా పట్టుకునే తాగారు.

తరువాత శిష్యులందరూ దేవుడి పటం ముందు నిలబడి వందనం చేశారు. పిడికిళ్లన్నీ ఒక్కసారిగా గుండెలను తాకాయి. లోక్ ఎడమ అరచెయ్యి ఒక్కటే లేచి, రాని పిడికిలి కోసం చూస్తూ గాలిలో ఉండిపోయింది. దించడానికి అతనికి మనసు రాలేదు.

అమ్మ వచ్చి ఆ అరచేతిలో పులుసు గిన్నె పెట్టింది.

"జాగ్రత్తరా, ముక్క ఒకటి ఎక్కువ జారింది," అంది.