బిల్హా పొట్లంలో ఏముంది?

ఉదయం ఎనిమిదింటికి బిలాస్‌పూర్‌లో పెదనాన్నా నేనూ రాయ్‌పూర్ వైపు లోకల్ ఎక్కాం. ఇద్దరం దిగేది బిల్హాలోనే గానీ పనులు వేరు. రిటైరైన ఇంజన్ డ్రైవర్ మా పెదనాన్నకి అక్కడి వైద్యుడి దగ్గర మోకాళ్ళ నొప్పుల పొడి ఇంకో పొట్లం కావాలి, పాతది అయిపోయింది. స్కూల్లో సైన్సు చెప్పే నాకు ఆ పొడిలో ఏముందో తెలియాలి.

నెల రోజులుగా దాన్ని తేనెలో కలిపి నాకుతున్నాడు. నొప్పి మాయమైంది, ఒప్పుకోవాల్సిందే. దాంతోపాటు మొహం పూరీలా పొంగింది, షుగర్ బాగా పెరిగింది. బిలాస్‌పూర్ ఆస్పత్రిలో డాక్టరమ్మ పొట్లం తెమ్మంది. "స్టెరాయిడ్ కలిపారేమోనని అనుమానం. అలాగని ఒక్కసారిగా మానెయ్యకండి, అదీ ప్రమాదమే. పొట్లం తెచ్చి నాకు చూపించండి," అంది.

"ఒళ్ళు చేసినాను. దానికేటి?" అన్నాడు పెదనాన్న.

రైల్లో కిటికీ పక్కనున్నాయన్ని, పెదనాన్న మోకాళ్ళకి మందు తింటున్నాడు, కాస్త జరగండని అడగడం నా పొరపాటు. పెట్టె పెట్టంతా వైద్యులే. జామకాయల బుట్టతో కూర్చున్నావిడ ఆముదం ఆకు కట్టమంది. కిటికీ ఆయన చేతికున్న రాగి కడియం చూపించాడు.

"దీంతో మీ మోకాళ్ళు తగ్గాయా?" అన్నాను.

"నాది నడుమండీ."

"తగ్గిందా?"

"కడియం కొని ఆర్నెల్లే అయింది." కడియం పైకి తోసుకుని, "ఏమైనా చెట్టు మందులకి సైడ్ ఎఫెక్టులుండవు," అన్నాడు.

"ఉమ్మెత్త కూడా చెట్టే కదండీ!"

"అచ్ఛా? అది దేనికి పనికొస్తుంది?" అంటూ ఫోను తీసి రాసుకోబోయాడు.

ఎనిమిదిన్నర దాటాక బిల్హాలో దిగాం. స్టేషన్ బయట సమోసాలు వేడివేడిగా ఉన్నాయి. నేను టీ తెచ్చేలోగా పెదనాన్న రెండు లాగించేశాడు. రైస్ మిల్లు దాటి పది నిమిషాలు నడిస్తే వైద్యుడి కొట్టు. బోర్డు మీద షుగర్, బీపీ, మోకాళ్ళు, బట్టతల, పరీక్షల భయం, అన్నీ గ్యారంటీగా నయమని ఉంది. బల్లల మీద జనం నిండిపోయారు.

మనిషి మర్యాదస్తుడు. పెదనాన్న మోకాళ్ళు ఎంతో ప్రేమగా తడిమి చూశాడు. నేను హిందీలో అడిగాను: "పొట్లం మీద ఏం కలిపారో లేదు, తయారీ తేదీ లేదు. మీకు లైసెన్స్ ఉందా?"

పర్సు తెరిచి, మోటార్‌సైకిల్ లైసెన్స్ చేతిలో పెట్టాడు.

"ఇది కాదండీ. ఇందులో మూలికలేమిటి?"

"నూట ఎనిమిది."

"పేర్లు?"

"అశ్వగంధ, శొంఠి, పసుపు..." నాలుగోది నుంచీ గురువుగారి రహస్యమట.

పెదనాన్నకి చిర్రెత్తుకొచ్చింది. "ఏటే ఈ ఎంక్వైరీ? ఆయన మంచోడే!" అని, నా నోరు మూయించడానికి వైద్యుడు అప్పుడే ఇచ్చిన కొత్త పొట్లం విప్పి, చెంచాడు పొడి తీసి వైద్యుడి నోటి దగ్గర పెట్టాడు. "గురూజీ, మీరో చెంచా తినీయండి. మా పిల్ల చూస్తాది."

వైద్యుడు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "వద్దు బాబూజీ! నాకు షుగర్ ఉంది!"

బల్లల మీద వాళ్ళందరూ తలలెత్తి బోర్డు చూశారు. నాకు నవ్వాగలేదు. కానీ పెదనాన్న మొహం చూశాక ఆగింది.

"నాకూ ఉంది కదయ్యా," అన్నాడు నెమ్మదిగా. "మొదటి రోజే చెప్పినాను."

పెదనాన్న చెంచాలో పొడి ఒక్క రేణువు పోకుండా పొట్లంలో పోసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

పదకొండున్నర లోకల్‌కి తిరుగు ప్రయాణం. సగం దారిలో పెదనాన్న కిటికీలోంచి చూస్తూనే అన్నాడు: "సర్వీసంతా సిగ్నల్ చూడకుండా బండి కదపనేదు. దీన్ని మాత్రం చూడకుండా మింగీసినాను."

"నొప్పి అలాంటిది, పెదనాన్నా."

"నొప్పి కాదే. ఆయన కూకోబెట్టి, ఓపిగ్గా విన్నాడు."

ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగేది ఇంతే. బిల్హాలో సమోసాలు బాగుంటాయి, వైద్యుడి మాట తీరు ఇంకా బాగుంటుంది. పొట్లం మీద మాత్రం ఏమీ రాసి ఉండదు.

బిలాస్‌పూర్‌లో దిగాం. "ఇంటికి తర్వాత, ముందు ఆస్పత్రికి పద," అంటూ పెదనాన్న ఓవర్‌బ్రిడ్జి మెట్లు నాకంటే ముందు చకచకా ఎక్కేశాడు. పైకెళ్ళి ఆగి, నొప్పి లేని తన మోకాళ్ళకేసి మొదటిసారి అనుమానంగా చూసుకున్నాడు.