ద్రిస్ రాజుగారి వెండిబిళ్ల

తుపాకి పోటీలో కొయ్యపిట్టను పడగొట్టాలని ద్రిస్ అనుకోనే లేదు. తన వంతు వచ్చింది గనుక తుపాకి ఎత్తాడు, అంతే. స్తంభం మీద అప్పటికే రెక్కలూ తలా పోగా మిగిలిన చెక్కముక్క కాస్తా ఆ దెబ్బకు గిరగిరా తిరుగుతూ వచ్చి గడ్డిలో పడింది. పోటీ నడిపే సెయింట్ ఆంటోనీ సంఘం డోళ్లు మోగాయి. ఆనవాయితీగా జెండాను నేలమీద పరిచి దానిమీద అతన్ని నడిపించారు. చివరి ముక్క పడగొట్టినవాడిదే గెలుపు గనుక వచ్చే పోటీ దాకా ఊరికి అతనే రాజు. బ్రబాంట్ సీమలో ఊరు ఎంత చిన్నదైనా రాజు రాజే మరి!

రాజైతే సరిపోయిందా? సంఘానికి వెండిబిళ్ల చేయించి ఇవ్వాలి. దానిమీద రాజు పేరూ ఉండాలి, చేసే పనీ ఉండాలి. వందల ఏళ్లుగా రాజులిచ్చిన బిళ్లలన్నీ ఒకే హారానికి చర్చిలో వేలాడుతుంటాయి. ఊరేగింపులో కొత్త రాజు వాటన్నిటినీ గుండెలమీద మోస్తాడు. కమ్మరి సుత్తి, రొట్టెలవాడి పొయ్యి, పాలవాడి ఆవు, అన్నీ ఉన్నాయి అక్కడ. మరి ద్రిస్ పని? ఊళ్లో మరుగుదొడ్ల గుంతలు తోడే ట్యాంకరు అతనిది.

ఆ సాయంత్రం బీరు దుకాణంలో మాంసం కొట్టు హ్యారీ గ్లాసెత్తి అరిచాడు. "ఒరేయ్ ద్రిస్, బిళ్లకో మూత కూడా పెట్టించరా! లేకపోతే చర్చిలో మేం ముక్కు మూసుకోవాలి."

అందరూ పగలబడి నవ్వారు. ద్రిస్ కూడా నవ్వాడు. నవ్వకపోతే ఇంకా ఏడిపిస్తారని పెళ్లికి ముందునుంచీ అలాగే నవ్వుతున్నాడు, పిచ్చి మారాజు! గాలికి పోయే మాటైతే సరే. ఇప్పుడా వెక్కిరింపు వెండికెక్కి, తను పోయాక కూడా చర్చిలో వేలాడుతుందే అని అతని బెంగ.

సంతరోజున వెండిపని చేసే లిద్వీన దగ్గరికి వెళ్లాడు. "ఏదో ఒకటి చెయ్యి లిద్వీన. మెరిస్తే చాలు."

"ఏదో ఒకటైతే ఇవిగో చెంచాలు, పట్టుకుపో." అరవై దాటిన మనిషి, నాలుక మాత్రం ఆకురాయే. "నికరమైన వెండా, రాగిమీద పూతా?"

"చూడ్డానికి రెండూ ఒకటే కదా?"

"ఇవాళ ఒకటే. పూతైతే నాలుగేళ్లు తోమేసరికి లోపలి రాగి బయటపడుతుంది. వెండైతే ఎంత తోమినా వెండే. సరే, బొమ్మ పోతా, చెక్కుడా, ఉబ్బెత్తా?"

ద్రిస్ దిక్కులు చూశాడు. ఆమె విసుక్కుంటూనే మూడు నమూనాలు తీసి అతని అరచేతిలో పెట్టింది. వెండిని కరిగించి అచ్చులో పోస్తే పోత. అది బరువెక్కువ, పదును తక్కువ. ఉలితో పైన గీస్తే చెక్కుడు. రేకును వెనకనుంచి కొట్టి బొమ్మను ముందుకు లేపితే ఉబ్బెత్తు.

"కళ్లు మూసుకుని తడుము. వేలికి తగిలేదే ఉబ్బెత్తు. అడగడం రానివాడికి ఏం చేసిచ్చినా ఇది కాదంటాడు. అందుకే ముందు పాఠం, తర్వాత పని."

"ఏది మంచిది?"

"ఉబ్బెత్తే. ఊరేగింపుల్లో బిళ్లకీ బిళ్లకీ రాపిడి, పైగా ఏటేటా తోముడు. చెక్కుడు లోతుగా లేకపోతే బొమ్మ మాయమై వట్టి రేకు మిగులుతుంది."

ద్రిస్ ముఖం వెలిగిపోయింది. "పూర్తిగా పోతుందా?"

"పోతుంది."

"అయితే పేరు లోతుగా చెక్కు. ట్యాంకరు మాత్రం ఎంత పైపైన కుదిరితే అంత పైపైన గియ్యి."

లిద్వీన కళ్లద్దాలు తీసి అతన్ని ఎగాదిగా చూసింది. "త్వరగా అరిగిపోయేలా చెయ్యమన్నవాణ్ణి నిన్నే చూశాను."

ద్రిస్ తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చి భార్య రీత్‌తో ఈ ముక్క చెప్పలేదు. చెప్పకపోతే తెలియదా? లిద్వీన నోట్లో నువ్వుగింజ నానదు. మర్నాడు మధ్యాహ్నం అతను బఠాణీల పులుసు తాగుతుండగా రీత్ వచ్చి సంచీని బల్లమీద ధన్‌మని పెట్టింది.

"నీ ట్యాంకరు అరిగిపోవాలటగా?"

"అది కాదు రీత్..."

"ఇన్నేళ్లుగా నీ పనిబట్టలు ఉతికేది నేను. సబ్బు మార్చాను గానీ మొగుణ్ణి మార్చాలని ఏనాడూ అనుకోలేదు. నాకు సిగ్గు వెయ్యలేదు ద్రిస్. నీకు వేసిందా?"

అతను చెంచా కింద పెట్టాడు. "వేసింది. ఎప్పుడూ వేస్తూనే ఉంది."

రీత్ కోపం ఎటు పోయిందో పోయింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "ఓరి పిచ్చోడా! నాతో ఒక్కసారైనా అనలేదేం? పోయినేడు వానలకి గుంత పొంగితే హ్యారీ మేజోళ్లతో రోడ్డెక్కి ఎవర్ని పిలిచాడు? మేయర్నా?"

"నన్నే. నాయనా, బాబూ అన్నాడు."

"మరి?"

ద్రిస్‌కు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండింటినీ పులుసుతో కలిపి మింగేశాడు. ఇన్నాళ్ల బరువు ఒక్క మాటతో దిగుతుందని తెలిస్తే ఎప్పుడో అనేవాడు.

ఇద్దరూ కలిసి లిద్వీన దగ్గరికి వెళ్లారు. పని మొదలవలేదు.

"మొదలెడతాననుకున్నావా? నీ పెళ్లాం చెవిన వెయ్యనిదే ఉలి ముట్టకూడదనుకున్నా. ఇప్పుడు చెప్పు, ఏం కావాలి?"

ఈసారి అతను తడుముకోలేదు. "నికరమైన వెండి. పూతలొద్దు. ఉబ్బెత్తు పని. ట్యాంకరూ, పైపూ కనబడాలి. పైన హారానికి తగిలించే కడియానికి టంకం గట్టిగా వెయ్యి."

"పక్కన మనిషి కూడా ఉండాలి. మనిషి లేకుండా బండి దానంతటదే తోడుతుందా?" అంది రీత్.

జనవరిలో సెయింట్ ఆంటోనీ పండుగనాడు ఫాదర్ దీవించి బిళ్లను హారానికి తగిలించాడు. తర్వాత బీరు దుకాణంలో హారం వేసుకున్న ద్రిస్ దగ్గరికి హ్యారీ రానే వచ్చాడు. బొటనవేలితో ట్యాంకరు మీద, మనిషి మీద, పైపు మీద రుద్ది చూశాడు.

"అబ్బో, గట్టిపనే! ఎన్నాళ్లుంటుందిరా ఇది?"

"నువ్వూ నేనూ పోయాక కూడా ఉంటుంది," అన్నాడు ద్రిస్. "పైపు మీ ఇంటివైపే తిప్పించాను హ్యారీ. ఊళ్లో ఎవరి గుంత ముందు నిండేదో రాబోయేవాళ్లకి కూడా తెలియాలిగా!"

దుకాణం దద్దరిల్లింది. హ్యారీ బీరు పొలమారి కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వాడు. ద్రిస్ పనిమీద ఆ ఊళ్లో ఎన్నో నవ్వులు పుట్టాయి. అతను పుట్టించిన నవ్వు మాత్రం ఇదే మొదటిది.