బస్వరాజ్ మింగిన విరేచనాల గోలీలు

నారాయణఖేడ్‌లో దస్తావేజులు రాసే బస్వరాజ్‌కు రెండు విషయాల్లో గర్వం ఎక్కువ. ఒకటి తన దస్తూరి. కంప్యూటర్లు వచ్చాక దానితో ఎవరికీ పని లేకపోయింది గానీ గర్వం మాత్రం మిగిలింది. రెండోది తన కడుపు. అది ఎంత సాఫీగా నడుస్తుందో అడగని వాళ్లకు కూడా చెప్పేవాడు.

అది సాఫీగా నడిచిందే లేదు. పొద్దున తొమ్మిదికి రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల షెడ్డులో కుర్చీ ఎక్కితే సాయంత్రం దాకా దిగేవాడు కాదు. లేస్తే పక్కవాడు గిరాకీని లాక్కుంటాడని భయం. నీళ్లు తాగితే లేవాల్సి వస్తుందని నీళ్లే మానేశాడు. భార్య హన్మమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టె, ఆకుకూర మూత తీయకుండానే ఇంటికి తిరిగొచ్చేవి. జొన్నరొట్టె పల్లెటూరి వాళ్ల తిండి అనేవాడు, తాను పుట్టింది కంగ్టి అవతలి పల్లెలో కానట్టు. మిర్చి బజ్జీలు, చాయ్‌లతోనే అతనికి పొద్దు గడిచేది. ఇలాంటి మనిషికి మలబద్ధకం రాకపోతేనే వింత.

నాలుగు రోజులు కడుపు బిగిశాక బస్టాండు దగ్గర మందుల దుకాణానికి పోయాడు. దుకాణం నడిపే ఆబెదా ఫార్మసీ చదివిన మనిషి. నొప్పి, వాంతులు, రక్తం పడడం లాంటివేమీ లేవని అడిగి తెలుసుకున్నాకే గోలీలిచ్చింది.

"పండుకునే ముందు ఒక్కటే మింగు అన్నా. నమలొద్దు, పాలతోని అసలే వద్దు. పొద్దుగాలకు పని చేస్తది. నాలుగైదు రోజులకు మించి వాడొద్దు. గప్పటికీ కాకుంటే దవాఖానకు పో. నీళ్లు మంచిగ తాగు," అంది.

ఆడమనిషి చెబితే వినే రకమా బస్వరాజ్? బలమని పాలతోనే మింగాడు. పాలకు గోలీ పైపూత ముందే కరిగి, కడుపు మెలిపెట్టి రాత్రంతా ముడుచుకుపోయాడు. తెల్లారి కడుపంతా ఖాళీ అయింది. ఖాళీ అయిన కడుపు మళ్లీ నిండడానికి ఒకటి రెండు రోజులు పడుతుందన్న ఇంగితం కూడా లేక, మర్నాడు విరేచనం కాలేదని ఇంకో గోలీ వేశాడు. ఒకటి రెండయింది, ఏడాది తిరిగేసరికి రోజుకు నాలుగయ్యాయి. ఆబెదా అడుగుతుందని దుకాణాలు మార్చి కొన్నాడు.

పైగా వైద్యుడైపోయాడు. చొక్కా జేబులో గోలీల పట్టీ పెట్టుకొని, తలనొప్పన్నా, నడుం నొప్పన్నా కడుపు శుభ్రం చేసుకోమని రెండు చింపి ఇచ్చేవాడు. తీసుకున్న వాళ్లకూ బుద్ధి లేదు. ఉత్తగా వస్తే విషమైనా కాగితంలో చుట్టుకుపోయే జనం.

ఒకరోజు మనూర్ వైపు నుంచి సంగయ్య అనే రైతు పట్టా పని మీద వచ్చాడు. రెండు రోజులుగా విరేచనం లేదు, బొడ్డు కింద కుడిపక్క నొప్పి, పొద్దున రెండుసార్లు వాంతి. బస్వరాజ్ పూర్తిగా వినకుండానే రెండు గోలీలు చేతిలో పెట్టాడు. అదృష్టవశాత్తు సంగయ్య నీళ్ల సీసా కోసం ఆబెదా దుకాణానికే పోయాడు. అతను వంగి నిలబడిన తీరు, చేతిలోని గోలీలు చూసి ఆమె ఏమైందని అడిగింది. విని గోలీలు లాక్కుంది.

"కడుపు నొప్పి, వాంతులు ఉన్నప్పుడు గివి మింగొద్దు పెద్దయ్యా. లోపల ఏమైందో ఎవరికెరుక?" అని అప్పటికప్పుడు ఆటో ఎక్కించి దవాఖానకు పంపింది. అక్కడ అపెండిక్స్ వాచిందని తేల్చి సంగారెడ్డికి పంపారు. ఆపరేషన్ చేశాక సంగయ్య బతికాడు. కబురు తెలిసిన బస్వరాజ్, ఆ రోగం తానే కనిపెట్టి పంపానని షెడ్డంతా చెప్పుకున్నాడు. సిగ్గు అనేది గోలీలతో పాటే బయటికి పోయి ఉండాలి.

రెండు నెలలు తిరక్కుండానే అతనికి పిక్కలు పట్టేయడం మొదలైంది. ఒకనాడు కుర్చీ లోంచి లేవబోయి కూలబడ్డాడు. దవాఖానలో డాక్టరమ్మ ఏమైనా మందులు వాడుతున్నావా అని అడిగితే, ఏమీ లేవన్నాడు. హన్మమ్మ సంచి విప్పి, పరుపు కింద దొరికిన ఖాళీ పట్టీలన్నీ బల్ల మీద కుమ్మరించింది.

"ఏం లేదంటుండు. మరి గివన్నీ నేను మింగిన్నా?" అంది.

రోజూ విరేచనాలై ఒంట్లో నీరు, పొటాషియం పడిపోయాయని రక్త పరీక్షలో తేలింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. ఇన్నాళ్లు కొరడా దెబ్బలకు అలవాటు పడ్డ పేగు ఒక్కసారిగా దారికి రాదని, వేరే మందుతో మెల్లమెల్లగా మాన్పించాలని డాక్టరమ్మ చెప్పింది. నీళ్లు, పీచున్న తిండి, నడక, పొద్దున్నే తొందరపడకుండా కాసేపు కూర్చోవడం. బడి పిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. అతను తల వంచుకొని విన్నాడు. పేగు దారికి రావడానికి మూడు నెలలు పట్టింది. పనిలోంచి లేచి నీళ్లు తాగొస్తున్నా గిరాకీ ఏమీ తగ్గలేదు. అతని గిరాకీని లాక్కోవాలని కాచుకున్న వాళ్లెవరూ లేరు.

ఇప్పుడు జొన్నరొట్టె గొప్పతనం మీద ఉపన్యాసాలిస్తున్నాడు, అదీ తానే కనిపెట్టినట్టు. ఆబెదా దుకాణం వస్తే మాత్రం రోడ్డు దాటి అవతలి పక్క నుంచి నడుస్తాడు. ఆమె తలెత్తి చూడదు. ఆమెకు పని ఉంటుంది.