టాపియో బోర్డులో లేని తప్పు

ఫిన్లాండులోని ఔలు ఊళ్ళో డిస్కు డ్రైవర్లు, అంటే డిస్కులను నడిపే ప్రోగ్రాములు, రాసేవాళ్ళలో హిల్కా మాటంటే శాసనం. ఇరవై ఏడేళ్ళ అనుభవం, అంతకంటే పదునైన నాలుక. యంత్రం మీద నెపం వేసే కుర్రకారుని ఆడలేక మద్దెల ఓడు అంటారని ఏడిపించేది.

ఆరేళ్ళ కిందట, తోటి ఉద్యోగి టాపియో తయారుచేసిన సర్క్యూట్ బోర్డుతో డిస్కులు నడిచే కంప్యూటర్లు ఉన్నట్టుండి బిగుసుకుపోయేవి. హిల్కా తన ప్రోగ్రామును రెండుసార్లు చదువుకుని, తప్పు బోర్డుదేనని నివేదిక రాసింది. పదకొండేళ్ళు ఆమెతో ఒకే బల్ల దగ్గర కాఫీ తాగిన టాపియో వాదించలేదు. బల్ల సర్దుకుని ఉద్యోగం మానేశాడు. ఒప్పుకున్నట్టే కదా అనుకుంది హిల్కా.

మొన్న మంగళవారం పొద్దున, ఒక పని రాస్తుండగా ఇంకోటి వేలుపెట్టకుండా ప్రోగ్రాములో వేసే తాళాలను తనిఖీ చేసే సాధనం కొత్తగా పెట్టి చూస్తుంటే అదే డ్రైవరు ఆమె కళ్ళముందే బిగుసుకుంది. డిస్కు తన పని ముగించగానే ప్రాసెసర్‌ని పిలుస్తుంది. ప్రాసెసర్ చేతిలో పని వదిలేసి పలకాలి. అది పనుల జాబితాకు తాళం వేసుకుని రాస్తుండగా పిలుపు వచ్చిందా, పలకడానికీ అదే తాళం కావాలి. ఆ తాళం తీయాల్సిన పనేమో మధ్యలో ఆగిపోయి ఉంది. ఇక రెండూ కదలవు. అందుకే తాళం వేసేముందు పిలుపులు రాకుండా ఆపాలి. ఈ విద్యలో అవి ఓనమాలు.

ఆ ఆపే మాట అక్కడ లేదు. ఏ బుద్ధిమంతుడు తీసేశాడోనని హిల్కా మార్పుల చరిత్ర తెరిచింది. తన పేరే ఉంది. పక్కన తన వ్యాఖ్య: "ఇక్కడ పిలుపులు ఎలాగూ ఆగే ఉంటాయి. ఇది దండగ." రాసిననాడు అది నిజమే. ఆర్నెల్ల తర్వాత అదే ముక్కను, పిలుపులు ఆపని ఇంకోచోట వాడుకున్నదీ తనే. ఆరేళ్ళ కిందట యంత్రాలు బిగుసుకుపోయింది అక్కడే, బోర్డులో కాదు.

ఆ మధ్యాహ్నమే టాపియో ఇంటికి వెళ్ళింది. అతను కాఫీ పోశాడు. వంటింటి బల్ల మీద దీపం కింద ఆ పాత బోర్డు, భూతద్దం, తీగలు. హిల్కా ఏదీ దాచకుండా అంతా చెప్పింది. తప్పు తనదేనని ఈ వారమే ఆఫీసులో అందరికీ రాసి తెలియజేస్తానంది.

టాపియో భూతద్దం తీసి పక్కన పెట్టాడు.

"ఆరేళ్ళ నుంచి వెతుకుతున్నా హిల్కా, ఎక్కడ అతుకు వదిలిందోనని."

"తప్పు నీదని నీకెందుకనిపించింది?"

"నువ్వు రాశావు కదా. నువ్వు రాశాక తప్పు లేకుండా ఎలా ఉంటుందనుకున్నా."