నేను వంకరగా తోసిన బంతి

జీతం తీసుకుని హాకీ ఆడినవాడు మా హుస్సేనీ ఆలం గల్లీలో ఒక్కడే. ఆట మానుకుని ఇప్పుడు వేరే ఊళ్లో కోచ్‌గా ఉన్నాడు. పోయిన వేసవిలో గల్లీవాళ్లు ఫంక్షన్ హాల్లో అతనికి సన్మానం చేశారు. ప్రెషర్‌ను ఎలా తట్టుకున్నావని ఎవరో అడిగితే మైకు అందుకున్నాడు.

"మంచి బాల్ వస్తే ఎవడన్నా కొడ్తడు. ఖరాబ్ బాల్ వచ్చినప్పుడు ఏం జేస్తవన్నదే ప్రెషర్. నాకది మా అన్న నేర్పిండు. ఫైనల్ల కావాల్నని వంకర బాల్ ఇచ్చిండు, నేను ఆగమైతనా లేదా చూద్దామని."

ఆ అన్నను నేనే. అందరూ చప్పట్లు కొట్టి నాకూ ఒక శాలువా కప్పారు. నేను కప్పించుకున్నాను.

కావాలని ఇచ్చానన్నది నిజం. మిగతాది నిజం కాదు.

అతను నాకన్నా రెండేళ్లు చిన్న. వాళ్లు మా ఇంటి వెనక పోర్షన్‌లో అద్దెకుండేవారు. అతని చేతికి మొదట హాకీ కర్ర ఇచ్చింది నేనే. ఏడాది తిరగకుండానే గ్రౌండుకు వచ్చినవాళ్లంతా అతన్నే చూడసాగారు. పెనాల్టీ కార్నర్ వస్తే గోల్ లైన్ మీద నుంచి బంతిని తోసే పని నాది, దూరంగా నిలబడి దాన్ని అందుకుని గోల్‌లోకి కొట్టే పని అతనిది. తోసేటప్పుడు నడుం బాగా వంచాలి. నేను నడుం ఎత్తి చూసేసరికి గోల్ అయిపోయేది. జట్టంతా అతని మీద పడి ఉండేది. నాకు కనిపించేవి వీపులే.

ఇంటికొస్తే మా అమ్మ పాలగ్లాసు ముందు అతని చేతిలో పెట్టేది. నేను మొహం ముడుచుకుంటే, "ఆడేటోడు, తాగనీయ్. నువ్వెట్లయినా దుకాణంల కూసునేటోనివే గదరా" అనేది. బేగంబజార్‌లో మాకు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఇప్పటికీ అందులోనే కూర్చుంటున్నాను.

టోర్నమెంట్ ఫైనల్ రోజు పొద్దున బూట్లు కట్టుకుంటూ అతను అన్నాడు: "ఇయ్యాల గెలవకుంటే నాకేం లేదన్నా. నీకు ఫికర్ లేదు, నీకు దుకాణముంది."

మంచి మనసుతోనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. ఏమీ లేనందుకు వాడికి అంత ఆశపడే హక్కు దొరికింది. నాకు దుకాణం ఉంది కాబట్టి నేను గెలిచినా ఓడినా ఎవరికీ ఒకటే.

ఆట చివర్లో, స్కోరు సమంగా ఉన్నప్పుడు, మాకు కార్నర్ వచ్చింది. సిటీ జట్టుకు పిల్లలను ఎంచే పెద్దమనిషి షామియానా కింద కూర్చుని ఉన్నాడు. నేను నడుం వంచి, బంతిని నెమ్మదిగా, అతనికి అందకుండా ఎడమవైపుకు తోశాను. అతను తప్పాలని తోశాను. ఎదుటి జట్టు పరుగెత్తుకొచ్చింది. అతను వాళ్లకన్నా ముందే వెళ్లి కర్ర తిరగేసి బంతిని లాక్కున్నాడు, ఒకణ్ణి తప్పించి గోల్‌లోకి కొట్టాడు.

"గసువంటి బాల్‌ను గట్ల లేపుకపోయిండంటే మామూలు పోరడు కాదు" అన్నాడు షామియానా కింది పెద్దమనిషి. అతన్ని తీసుకున్నారు. నేను పాడుచేద్దామనుకున్న బంతితోనే అతని బతుకు మొదలైంది. దానికీ కుళ్లుకున్నాను.

సన్మానం మర్నాడు చాయ్ తాగడానికి దుకాణానికి వచ్చాడు. అప్పుడు చెప్పాను.

"నేర్పుదామని కాదురా. నువ్వు తప్పాలని తోసిన."

నవ్వాడు. "ఊకో అన్నా. పెద్దోళ్లయినంక అందరు గిట్లనే తక్కువ చేసి చెప్పుకుంటరు."

"లేదు. నిన్ను చూస్తే కడుపు మండుతుండె."

నా మొహం చూసి నవ్వు ఆపాడు. బయట హమాలీ ఒకడు గంగాళాల కట్ట దించుతూ పక్కకు జరగమని అరుస్తున్నాడు. ఆ చప్పుడు ఆగాక అడిగాడు.

"ఒకవేళ నేను కొట్టకపోతే?"

"ఓడిపోతుంటిమి."

"ఆట గురించి అడుగుతలేనన్నా. పొద్దుగాలనే నీకు చెప్పిన గదా, నాకేం లేదని. విని గూడ తోసినవా?"

"విన్నందుకే తోసిన."

సగం తాగిన చాయ్ కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడు. మళ్లీ ఫోన్ లేదు.

పోయిన వారం పక్క దుకాణం సేటు తన ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. అతను ఎక్కడో పిల్లలకు చెబుతున్నాడు. ప్రెషర్ గురించి అదే మాట, అదే ఫైనల్. "ఒక ఖరాబ్ బాల్ వచ్చింది" అన్నాడంతే. ఎవరిచ్చారో చెప్పలేదు. అబద్ధం పోవాలనే కదా నేను నోరు విప్పింది. అయినా పాత మంటే లేచింది. ఆ కథలో నాకున్న కాస్త చోటూ పోయింది. సేటు చూస్తుండగానే మొదటినుంచి మళ్లీ పెట్టించుకుని విన్నాను.

"నీ ముచ్చట చెప్పలేదేంది భాయ్? పెద్దోడయ్యి మర్చిపోయినట్టున్నడు" అన్నాడు సేటు.

"అవును, పెద్దోళ్లకు ఏం యాదుంటది" అన్నాను.

అతనికి నేను చేసిన రెండో ద్రోహం అది. మాట మళ్లీ గల్లీ అంతా తిరగకముందే రాస్తున్నాను: అతను ఏదీ మర్చిపోలేదు.