పెంకుల మీద రేకులు వేసిన మావ

మొన్న గురువారం పొద్దున్న విజయనగరంలో మా వీధి కుళాయి కింద బిందె పెట్టి నిలబడి ఉంటే తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు వాడెప్పుడూ చేయడు.

"అక్కా, మేస్త్రి మావ పోనాడు" అన్నాడు. "రాత్రి అన్నం తినీసి పడుకున్నాడట. తెల్లారి అత్త లేపితే లెగలేదు."

బిందె నిండి నీళ్ళు నా కాళ్ళ మీద పడుతున్నాయి. వెనకావిడ నన్ను పక్కకు జరిపి కుళాయి కట్టేసింది. మా ఊళ్ళో ఇళ్ళకి రేకులు వేసే ఒకాయన పోయాడంటే ఆమెకేం తెలుస్తుంది? అందుకే మీకు చెబుతున్నాను.

శ్రీముఖలింగానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున మా ఊరు. మావ ఇల్లు మా ఎదురు వరసలో మూడోది. ఆయన మాకు రక్తసంబంధం కాదు, కులం కూడా వేరు. వడ్రంగం నేర్చుకుని ఇంటి కప్పుల పనిలో స్థిరపడ్డాడు. ఊరంతా మేస్త్రి అంటే, నేనూ తమ్ముడూ మేస్త్రి మావ అనేవాళ్ళం. ఆయన భార్య మాకు అత్త.

మాది గుడిలో పాడే కుటుంబం. నాన్నగారు ఇంట్లో ముందుగదిలో పిల్లలకు పాట చెప్పేవారు. అమ్మమ్మల కాలం నాటి మట్టిగోడల పెంకుటిల్లు. ఒక ఏడాది కోతుల మంద ఊరి మీద పడి, కప్పు మీద గెంతి గెంతి సగం పెంకులు పగలగొట్టింది. ఆ వానాకాలం ముందుగదిలో ఏడెనిమిది చోట్ల గిన్నెలు పెట్టాం. నాన్నగారు హార్మోనియం మీద గొడుగు తెరిచి పెట్టి పాఠం చెప్పారు. అలాంటి పెంకులు చేసేవాళ్ళు ఇప్పుడు లేరు. స్లాబు వేద్దామంటే మట్టిగోడలు మోయవు. రేకులొక్కటే దారి అని అందరూ అన్నారు.

నాన్నగారు ఒప్పుకోలేదు. రేకుల ఇంట్లో వానొస్తే పక్కవాడి మాటే వినపడదు, ఇక పిల్లల పాటేం వినపడుతుంది? "వానాకాలం మూడు నెలలూ పాఠాలు మానుకోవాలి మేస్త్రీ" అన్నారు.

మావ చాలాసేపు కప్పు కేసి చూశాడు. తర్వాత, "పెంకు తీసీమని మీకెవులు సెప్పినారు పంతులుగారూ?" అన్నాడు.

"తీయకుండా రేకు ఎలా వేస్తావు?"

"పెంకు మీదే ఏస్తాను. కింద పెంకు ఉంటాది, మధ్యలో గాలి ఉంటాది, పైన రేకు ఉంటాది. సప్పుడు పెంకు మింగీస్తాది. ఎండా దిగదు. పని జరిగినన్నాళ్ళూ ఇల్లు ఇప్పినట్టుండదు. మీ పాట మీరు సెప్పుకోండి, నా పని నేను సేసుకుంటాను."

అలాంటి పని మా వైపు అప్పటికి ఎవరూ చూడలేదు. వరసకి అక్కడక్కడా ఒక పెంకు లేపి, దాని కింద ఉన్న వాసానికి చెక్క దిమ్మ బిగించేవాడు. ఆ దిమ్మల మీద ఇనప పైపులు పరిచి, పైపులకు రేకులు బిగించాలి. రేకు బరువు పెంకు మీద పడకూడదు, గోడ దాకా వాసమే మోయాలి. ఇదంతా ఆయన మా అందరికీ విప్పి చెప్పాడు. తాను చేసే పని ఇంట్లో వాళ్ళకి అర్థం కాకపోతే ఆయనకు తోచేది కాదు.

నిచ్చెన ఎక్కేముందు ప్రతిరోజూ గుమ్మంలో నిలబడి, "ఒంట్లో బాగోనోలు ఎవులైనా పడుకున్నారేటి?" అని అడిగేవాడు. సుత్తి మోతకి వాళ్ళు బాధపడకూడదని, లేరంటేనే ఎక్కేవాడు. పైకెక్కాక కిందికి దిగేదాకా కాఫీ ముట్టుకునేవాడు కాదు. వాసాన్ని వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించేవాడు. అది చూసి నాన్నగారు నాతో, "శ్రుతి చూస్తున్నాడే" అన్నారు. అందులో వేళాకోళం లేదు.

మూడో రోజు దేవుడి గది మీద ఒక వాసం దగ్గర ఆగిపోయాడు. మేకుతో పొడిచాడు. మేకు వెన్నలో దిగినట్టు దిగింది. పైకి నిక్షేపంలా ఉంది, లోపలంతా చెద. కూడా పనిచేస్తున్నతను, "పైన రేకు వచ్చీస్తాది కద, ఎవులికి కనపడతాది?" అన్నాడు.

"నేను కప్పడానికి వచ్చినాను. మూసీడానికి రాలేదు" అన్నాడు మావ. ఆ ఒక్క వాసం కోసం రెండు రోజులు పని ఆపి, సాలూరు వైపు నుంచి మంచి మద్దికర్ర తెప్పించి మార్చాడు.

స్క్రూ బిగించేటప్పుడు తమ్ముణ్ణి పిలిచి రబ్బరు వాషరు చూపించేవాడు. "వదులుగా ఉంటే నీళ్ళు తాగుతాది. మరీ బిగిస్తే పగిలి ఏడుస్తాది. కూసింత నవ్వినట్టుండాల, సూడు." ఇప్పటికీ నేను వయొలిన్ తీగ బిగించేటప్పుడు ఆ మాట నా నోటికి వస్తుంది. నా దగ్గర వయొలిన్ నేర్చుకునే పిల్లలకు అలాగే చెబుతాను.

పని అయిన వారానికి పెద్ద వాన వచ్చింది. మావ గోనె సంచి నెత్తిన వేసుకుని పరుగున వచ్చాడు. ముందుగది మధ్యలో నిలబడి, "పాడించండి పంతులుగారూ" అన్నాడు. నాన్నగారు పిల్లల చేత సరళీ స్వరాలు పాడించారు. మావ తల పైకెత్తి కళ్ళు మూసుకుని విన్నాడు. నీళ్ళు కారుతున్న ఆ మనిషిని చూసి పిల్లలకు నవ్వాగలేదు.

"గోల కూసింత ఉన్నాది" అన్నాడు చివరికి. "రేకు కద, తప్పదు. గానీ పాట మీదికి రావట్లేదు."

"రావట్లేదయ్యా" అన్నారు నాన్నగారు.

ఆ తర్వాత వాన పడినప్పుడల్లా మావ మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. పాట వినడానికి వస్తున్నాడనుకుని అమ్మ ఆయనకు పీట వేసి ఉంచేది.

రెండేళ్ళ తర్వాత సాలూరులో ఒక లారీల షెడ్డుకి కప్పు వేస్తూ మావ జారి పడ్డాడు. తొడ ఎముక విరిగితే రాడ్డు వేశారు. మళ్ళీ నిచ్చెన ఎక్కితే తాను పుట్టింటికి పోతానని అత్త ఒట్టు పెట్టింది. నిచ్చెన ఎవరికో ఇచ్చేసింది కూడా. ఆయన తలుపులూ పీటలూ చేసుకుంటూ ఇంటి పట్టునే ఉండిపోయాడు.

ఆ మరుసటేడు దసరా సెలవులకు నేను ఊళ్ళో ఉండగా తుఫాను కబురు వచ్చింది. నౌపడ వైపు ఉప్పుమడుల్లో పనిచేసేవాళ్ళని అప్పటికే తరలిస్తున్నారన్నారు. మధ్యాహ్నానికి మా వీధి చివర పూరిళ్ళలోంచి రెండు కుటుంబాలు మా ఇంట్లోకి వచ్చేశాయి. మా ఇల్లు గట్టిదని ఊరందరికీ నమ్మకం. వాళ్ళలో నెల్లాళ్ళ పిల్లతో ఒక బాలింత కూడా ఉంది. ఆమెకు ముందుగదిలో మంచం వేశాం.

అప్పుడు మావ కుంటుకుంటూ వచ్చాడు. చేతిలో సంచీ, భుజాన ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన నిచ్చెన. గుమ్మం ఎక్కలేదు. వాకిట్లోనే నిలబడి, "పంతులుగారూ, ఓసారి బయటికి రండి" అన్నాడు.

నాన్నగారితో పాటు మేమూ వెళ్ళాం.

"మీ ఇంటికి నేనొక తప్పు సేసినాను" అన్నాడు. "ఆకరి రోజుని దిమ్మలు అయిపోనాయి. వాన మీదికొచ్చీసింది. తూరుపు సూరు కాడ ఆకరి పైపుని వాసానికి కాకుండా, పెంకు ఆనే సన్న బద్దకి బిగించీసినాను. రేపొచ్చి మారుద్దునులే అనుకున్నాను. రేపు ఇంకో ఊరు పనికి పోనాను."

"మర్చిపోయావా మావా?" అని అడిగాను.

"మరిసిపోతే బాగుణ్ణు, అమ్మా. వానొచ్చినపుడల్లా మీ అరుగు మీద కూకుని ఆ మూలే సూస్తన్నాను. సెప్పడానికి నోరు రాలేదు. కాలు ఇరిగాక మరి ఎలాగ సెప్తాను? మామూలు గాలికి ఏటీ అవదు. ఈ గాలికి మాత్రం ఆ రేకు లెగుస్తాది. ఒకటి లెగిస్తే అన్నీ లెగుస్తాయి."

ఇంట్లో పసిపిల్ల ఏడుస్తోంది. మూడేళ్ళుగా మేం వేసిన పీట మీద కూర్చుని ఆయన ఏం మోస్తున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

నాన్నగారు, "ఇప్పుడు చెప్పావు కదా. ఏం కావాలో చెప్పు" అన్నారు. అంతే.

తమ్ముడు నిచ్చెన అందుకుని, "నానెక్కుతాను మావా, నువ్వు కిందనుంచి సెప్పు" అన్నాడు.

"ఏ పెంకు కింద వాసం ఉన్నాదో నీకెలా తెలుస్తాది? నా కాలికి తెలుసు. నువ్వు దిమ్మలందించు, బేగి."

ఆయన ఎక్కుతుంటే రాడ్డు ఉన్న కాలు ప్రతి మెట్టు మీదా ఒక్క క్షణం ఆగేది. నేను నిచ్చెన పట్టుకున్నాను. గాలికి కొబ్బరిచెట్లు ఒంగి లేస్తున్నాయి. సగం పని అయ్యేసరికి అత్త వీధిలోంచి అరుస్తూ వచ్చింది.

"ఓలమ్మో! ఎక్కీసినావా? సచ్చిపోతావు దిగు! నీకు బుద్ధుందా లేదా?"

పైనుంచి మావ, "ఇంకా నాలుగు స్క్రూలే" అన్నాడు.

"నాలుగా? నాలుగే? నాను లెక్కెడతాను!" అంటూ వచ్చి, నన్ను పక్కకి తోసి నిచ్చెన తానే పట్టుకుంది. రెండు చేతులతో, గుండెకి ఆనించుకుని పట్టుకుంది. తిట్లు మాత్రం ఆపలేదు. ఆయన దిగేదాకా తిట్టింది. దిగాక ఆయన మోకాలు పట్టుకుని చూసి, చేయి పట్టుకుని తీసుకుపోయింది.

ఆ గాలి గురించి ఇప్పుడు వర్ణించను. మా వైపు వాళ్ళకి చెప్పనక్కర్లేదు. తెల్లారి చూస్తే వీధిలో సగం కొబ్బరిచెట్లు పడిపోయాయి. మా ఇంటి కప్పు రెండు వాలులూ కలిసే నడికొప్పు మీద రేకుముక్క ఒకటి ఎగిరిపోయింది. తూర్పు చూరు కదల్లేదు. పసిపిల్ల తల్లి పక్కన నిద్రపోతోంది.

మావ కర్ర పట్టుకుని వచ్చి, పోయిన ఆ ముక్క కేసే చూస్తూ నిలబడ్డాడు. "అదేటి అలా పోనాది?" అన్నాడు నొచ్చుకుంటూ. నాన్నగారు వాకిట్లోకి వెళ్ళి ఆయన రెండు చేతులూ పట్టుకున్నారు. మావ సిగ్గుపడిపోయి, కొప్పు గురించే మాట్లాడుతూ ఉన్నాడు.

ఆ తర్వాత కూడా వాన రోజుల్లో అరుగు మీదికి వచ్చేవాడట. ఇంక ఆ మూల చూడాల్సిన పని లేదు కదా అని తమ్ముడు ఏడిపిస్తే, "ఇపుడు పాట ఇంటన్నానురా" అన్నాడట. పోయిన వేసవిలో నేను వెళ్ళినప్పుడు ఒక వర్ణం వినిపించమని అడిగాడు. వాయించాను. అయ్యాక, బాగుందనీ బాగోలేదనీ అనకుండా, "ఏళ్ళు నొప్పెట్టవా?" అని అడిగాడు. నా వేళ్ళ కొసలు తన బొటనవేలితో తడిమి, కాయలు కాసి ఉండడం చూసి తల ఊపాడు.

గురువారం సాయంత్రానికి ఊరు చేరాను. అప్పటికే అంతా అయిపోయింది. నాన్నగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు, పాఠం చెప్పలేదు. నేను అత్త దగ్గరికి వెళ్ళాను. ఆమె పెరట్లో ఒక్కతే నిలబడి తన ఇంటి కప్పు కేసి చూస్తోంది. వాళ్ళది ఇప్పటికీ పెంకుటిల్లే. కప్పు నిండా గుమ్మడిపాదు అల్లుకుని ఉంది.

"కాయ పండీసినాది సూడు" అంది నన్ను చూసి. "నాను వద్దన్నా రేపెక్కి కోస్తానన్నాడు మీ మావ. ఇపుడు ఎవులెక్కుతారు?"

తమ్ముణ్ణి పిలుస్తానన్నాను.

"వద్దులే. ఉండనీ" అంది.

ఆకుల మధ్య ఆ కాయ పెద్దది, పండి పసుపుపచ్చగా. పొద్దు వాలే దాకా ఇద్దరం దాన్ని చూస్తూ అక్కడే నిలబడ్డాం.